వీపు ఆనని కుర్చీ

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, ఒక జూన్ నెల మొదటి వారంలో, ఏలూరులో నేను పనిచేస్తున్న ఆసుపత్రి నాకొక కొత్త బాధ్యత అప్పగించింది. హోదా పాతదే, సీనియర్ ఫిజియోథెరపిస్ట్. ఎముకల విభాగంలో డాక్టరు గారి తర్వాత, ఇద్దరు జూనియర్ల పైన నా స్థానం. కొత్తగా వచ్చిన పనల్లా ఆఫీసులకు వెళ్లి, కంప్యూటర్ల ముందు పనిచేసేవాళ్ల కుర్చీ, బల్ల, తెర, కీబోర్డు ఉండవలసిన చోట ఉన్నాయో లేదో చూసి సరిచేసి రావడం. కాగితాల మీద దీని పేరు వర్క్‌స్టేషన్ అసెస్‌మెంట్. మా ఇంట్లో మావారు పెట్టిన పేరు కుర్చీల వైద్యం.

ఆయన వెటకారం ఎలా ఉన్నా ఆ పని అవసరమే. మెడ పట్టేసిందనీ, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయనీ మా దగ్గరికి వచ్చేవాళ్లలో కంప్యూటరు పని చేసేవాళ్లు ఏటేటా పెరుగుతూ వచ్చారు. మేం వ్యాయామాలు నేర్పేవాళ్లం, కాపడం పెట్టేవాళ్లం. వాళ్లు తగ్గిందని సంతోషపడి వెళ్లి, అదే కుర్చీలో అదే వంకరలో కూర్చుని, మళ్లీ మా దగ్గరికే వచ్చేవాళ్లు. కుళాయి కట్టేయకుండా నేల తుడుస్తున్నట్టు ఉండేది నాకు. అందుకని ఈ పని నేనే అడిగి తీసుకున్నాను.

మొదటి రిఫరల్ తాడేపల్లిగూడెం నుంచి వచ్చింది. పేషెంటు పేరు మంగతాయారు. ముప్పై దాటిన మనిషి. అత్తవారిది పెంటపాడు. బియ్యం, అపరాలు టోకున అమ్మే ఒక పాత వ్యాపార సంస్థలో కంప్యూటరు మీద బిల్లింగు, పన్నుల పని చూస్తుంది. మెడ నుంచి కుడి భుజం మీదుగా నొప్పి, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరి. మా డాక్టరు గారు చీటీ మీద రెండు వాక్యాలు రాశారు. కూర్చునే చోటు సరిచేసి చూడాలి. అప్పటికీ తగ్గకపోతే కొన్ని నెలలు కంప్యూటరు పని పూర్తిగా మానేయాలి.

ఆ రెండో వాక్యం చదివి మంగతాయారు నా గదిలో కూర్చుని ఏడ్చింది. నొప్పికి కాదు. ఆ ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చున్న మొదటి ఆడమనిషి తనే. ఆ సీటు కోసం తాడేపల్లిగూడెంలో చాలామంది కాచుకుని ఉన్నారు. ఇంట్లో అత్తగారు ఉద్యోగం మానెయ్యమని ఎప్పటినుంచో పోరుతున్నారు, ఇప్పుడు డాక్టరు కూడా అదే రాసిచ్చాడంటే ఆవిడకి పండగే. "కొన్ని నెలలని రాశారు గానండీ, ఒకసారి లేచానంటే ఆ కుర్చీ మళ్లీ నాకు రాదండి" అంది. లేవడం గురించి అప్పుడు తను అన్న మాట తర్వాత నాకు చాలాసార్లు గుర్తొచ్చింది.

నేను పాసింజరు బండిలో వెళ్లాను. భీమడోలు దాటాక పొలాల్లో కొల్లేటి వైపు నుంచి వచ్చిన కొంగలు ఒంటికాలి మీద నిలబడి ఉన్నాయి. వాటికి నడుం నొప్పి ఎందుకు రాదో నాకు ఇప్పటికీ తెలియదు. నా సంచిలో స్టీలు టేపు, మేస్త్రీలు వాడే మట్టం, కీళ్ల వంపు ఎంతుందో కొలిచే గోనియోమీటరు, నేల మీద గుర్తులు పెట్టడానికి సుద్దముక్క ఉన్నాయి.

ఆఫీసు పాతకాలపు కొట్టు. ముందు వైపు పెద్ద హాలు, వెనక గోడౌను. హాల్లో గుమ్మానికి ఎదురుగా మంగతాయారు బల్ల, పక్కన గుమస్తా భద్రయ్య గారి బల్ల, ఇంకో ఇద్దరు కుర్రవాళ్ల బల్లలు. వాటి వెనక గోడకి ఆనించి, గుమ్మం వైపు తిరిగి ఒక గద్దె ఉంది. గద్దె అంటే జానెడెత్తు చెక్క అరుగు, దాని మీద పరుపు, తెల్ల దుప్పటి, ఒక బాలీసు, ముందు ఒక చిన్న వాలుబల్ల. పూర్వం షావుకార్లు దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని వ్యాపారం చేసేవారు. గద్దె వెనక గోడకి ఒక పెద్దాయన ఫొటో, దండ, చుట్టూ రంగు బల్బులు. గద్దె మీద ఎవరూ లేరు.

నేను గుమ్మంలో కాలు పెట్టగానే అందరూ లేచి నిలబడ్డారు. షావుకారు సత్యనారాయణ గారు గోడౌను లోంచి గబగబా వచ్చారు. అరవై దాటిన మనిషి, తెల్ల పంచె, తెల్ల చొక్కా, ముఖంలో ఎప్పుడూ ఏదో మరిచిపోయిన కంగారు.

"రండి మేడమ్ గారూ, రండి. ఏవండీ భద్రయ్య గారూ, ఆ ఫ్యాను మేడమ్ గారి వైపు తిప్పండి. మజ్జిగ చెప్పండి."

మజ్జిగ వచ్చేలోపు ఆయన తన గోడు చెప్పుకున్నారు. "మంచి కుర్చీలే కొనిచ్చానండి. హైదరాబాదు నుంచి తెప్పించాను, చక్రాలవీ. ఏం లాభం. ఎవరూ కూర్చోరండి. నేనెప్పుడు చూసినా నిలబడే ఉంటారు. నొప్పులు రావంటే ఎందుకు రావండీ."

యజమానులు చెప్పే మాటలకి మా వృత్తిలో తక్కువ మార్కులు వేస్తాం. నొప్పి వాళ్లది కాదు కాబట్టి. నేను తలూపి, టేపు తీసి, పని మొదలుపెట్టాను.

ఈ పరీక్ష ఎలా చేస్తారో తెలియనివాళ్ల కోసం కాస్త చెబుతాను. కిందినుంచి పైకి వెళ్లాలి. ముందు పాదాలు. అవి నేలకి పూర్తిగా ఆనాలి, ఆనకపోతే కుర్చీ దించాలి లేదా కాళ్ల కింద పీట వేయాలి. తర్వాత మోకాళ్లు, తుంటి, ఇంచుమించు లంబకోణం. నడుం కిందిభాగం కుర్చీ వీపుకి ఆనాలి, అక్కడ ఒక ఉబ్బు ఉంటుంది, అది నడుం వంపులో సరిగ్గా కూర్చోవాలి. భుజాలు వదులుగా, మోచేతులు ఒంటికి దగ్గరగా. కీబోర్డు మోచేతి ఎత్తులో, మణికట్టు పైకీ కిందికీ వంగకుండా. మౌసు కీబోర్డు పక్కనే, చెయ్యి చాచి అందుకునేంత దూరంలో కాదు. తెర చెయ్యి చాపినంత దూరంలో, దాని పై అంచు కంటి ఎత్తులో. చివరిగా వెలుతురు, అది పక్కనుంచి రావాలి.

మంగతాయారు కుర్చీ ఒక అంగుళం దించాను. తెర కింద కొట్లో పూజకి వాడే చెక్కపీట పెట్టించాను. మౌసు దగ్గరికి జరిపించాను. కుర్చీ చేతులు కిందికి దింపాను. తను నిటారుగా కూర్చుంది, వీపు ఆనించింది, పాదాలు ఆనించింది, నేను ఎలా చెబితే అలా. పాఠ్యపుస్తకంలో వేసే బొమ్మ అంత బాగా కూర్చుంది. మిగిలినవాళ్లని కూడా చూశాను. అందరూ పుస్తకంలో బొమ్మలే. కుర్చీ కాళ్లున్న చోట నేల మీద సుద్దతో గుర్తులు పెట్టి, ఇలాగే ఉంచమని చెప్పి, రెండోసారి మజ్జిగ తాగి ఏలూరు బండెక్కాను. చాలా తృప్తిగా ఉంది.

నెల తిరిగేసరికి మంగతాయారు మళ్లీ నా గదిలో ఉంది. నొప్పి పెరిగింది.

నాకు కోపం వచ్చింది. పేషెంటు మీద కాదు, ఆ కుర్చీ మీద. నా కొలతల్లో తప్పు లేదు, స్టీలు టేపు సాగదు. వ్యాయామాలు చేస్తున్నావా అని అడిగితే చేస్తున్నానంది. గుర్తుల ప్రకారమే కుర్చీ ఉందా అంటే ఉందంది. గంటకోసారి లేచి అటూ ఇటూ నడవమన్నాను కదా, లేస్తున్నావా అంటే, "లేస్తూనే ఉన్నానండి" అంది, ఏ మాత్రం నవ్వకుండా. మా డాక్టరు గారు ఇంకొక నెల చూస్తానన్నారు. ఆ తర్వాత సీటు వదిలేయమని సర్టిఫికెట్ రాయక తప్పదన్నారు.

ఈసారి చెప్పకుండా వెళ్లాను. లాభం లేదు. గుమ్మంలో నా చెప్పుల చప్పుడుకే అందరూ లేచారు, నేను కూర్చోమన్నాక కూర్చున్నారు, మళ్లీ అందరూ పుస్తకంలో బొమ్మలే. గోనియోమీటరు పెట్టి కొలవడం కూడా దండగనిపించింది. ఇంత చక్కగా కూర్చునే మనిషికి నొప్పి ఎందుకు రావాలి?

నేను ఉన్నప్పుడు వీళ్లు వేరు, లేనప్పుడు వేరు అని అప్పుడు అనుమానం వచ్చింది. రోడ్డుకి అవతల ఒక టీ కొట్టు ఉంది. మూడోసారి వచ్చినప్పుడు తిన్నగా అక్కడికి వెళ్లి, చీర కొంగు తల మీదికి లాక్కుని, స్తంభం పక్కన నిలబడ్డాను. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసున్న సీనియర్ ఫిజియోథెరపిస్టు గుర్తింపు కార్డు బ్యాగులో దాచుకుని ఒక అపరాల కొట్టు మీద నిఘా వేయడం మా ఆసుపత్రి నిబంధనల్లో ఎక్కడా లేదు. టీ ఇంకా చేతికి రాలేదు, భద్రయ్య గారు రోడ్డు దాటి వస్తున్నారు. ఆయన చేతుల్లో ఒక కుర్చీ. వెనకాల కుర్రవాడి చేతిలో టేబుల్ ఫ్యాను, దాని వైరు రోడ్డు మీద ఈడ్చుకుంటూ వస్తోంది.

"ఏవండీ మేడమ్ గారూ, బయట నిలబడ్డారేంటండీ. ఎండగా ఉంది కదండీ. షావుకారు గారు చూసి కంగారు పడుతున్నారండి" అన్నారు.

ఆయన ఎలా చూశారని అడిగాను. ఫోనులో అన్నారు. కొట్టు బయటా లోపలా కెమెరాలు ఉన్నాయట, షావుకారు గారు గోడౌనులో ఉన్నా అన్నీ చూస్తూ ఉంటారట.

ఆ మాట వినగానే నేను టీ వదిలేసి లోపలికి వెళ్లాను. లోపలి కెమెరాలో గత వారం రికార్డు చూపించమని షావుకారు గారిని అడిగాను. ఆయన అనుమానంగా, "ఏదైనా పోయిందాండీ?" అన్నారు. మంగతాయారు వీపు పోయింది, వెతుకుతున్నానన్నాను. గోడౌను పక్కన చిన్న గదిలో తెర ముందు ఇద్దరం నిలబడ్డాం. మామూలు వేగంతో చూస్తే పొద్దుపోతుందని, వేగం పెంచి పెట్టమన్నాను.

నా వృత్తిజీవితంలో అలాంటి దృశ్యం మళ్లీ చూడలేదు. షావుకారు గారు గుమ్మంలోంచి వస్తారు, హాల్లో అందరూ లేస్తారు. ఆయన గోడౌనులోకి వెళ్తారు, కూర్చుంటారు. ఆయన వస్తారు, లేస్తారు. ఫోను మాట్లాడుతూ వీధిలోకి వెళ్తారు, కూర్చుంటారు. ఫోను మరిచిపోయి వెనక్కి వస్తారు, లేస్తారు. ఆ వేగంలో నలుగురూ మూకుడులో పొంగుతున్న పూరీల్లా పైకీ కిందికీ పోతున్నారు. మధ్యలో ఆయన తెల్ల పంచె ఒక్కటే అటూ ఇటూ పరిగెడుతోంది.

మంగతాయారు దగ్గర ఆపమన్నాను. తను కుర్చీ అంచున కూర్చుని ఉంది, లేవడానికి సిద్ధంగా ఒక కాలు ముందు, ఒక కాలు వెనక. హైదరాబాదు కుర్చీ వీపు తన వీపుకి జానెడు దూరంలో ఖాళీగా ఉంది. అంచున కూర్చోవడం వల్ల ఒళ్లు ముందుకి వాలింది, మెడ తెర వైపు సాగింది, మణికట్టు పైకి వంగింది. నేను దించిన అంగుళం, ఎక్కించిన పీట, గీసిన సుద్ద గుర్తులు, అన్నీ వీపు ఆనించి కూర్చున్న మనిషికి కొలిచినవి. ఆ మనిషి నేనున్నప్పుడు మాత్రమే ఉంటుంది. నేను పెద్దదాన్ని, అతిథిని, పైగా కూర్చోమన్నాను. అందుకని నా మాట కొట్టెయ్యలేక నిండుగా కూర్చుంది. నేను వెళ్లగానే మళ్లీ అంచుకి వచ్చేసింది, ఎందుకంటే షావుకారు గారు ఏ క్షణంలోనైనా రావచ్చు.

షావుకారు గారు మెడ చాచి తెరకి దగ్గరగా జరిగారు. "ఇదేంటండీ, వీళ్లు కూర్చుంటున్నారు" అన్నారు. ఆయన ఆశ్చర్యం నిజమైనదే. ఆయన కళ్లకి ఆ నలుగురూ ఎప్పుడూ నిలబడే కనిపించారు. తను రాగానే లేస్తున్నారన్న సంగతి ఆయనకి తట్టనే లేదు. వాళ్ల నాన్నగారి రోజుల్లోనూ అంతే, హాల్లో అందరూ నిలబడేవాళ్లు. ఫోనులో ఆయన చూసేది వీధి కెమెరాయే. లోపల చూడ్డానికేముందండీ, నేను లోపలే కదండీ ఉంటాను, అన్నారు.

దీనికి విరుగుడు తేలికని ఇద్దరం అనుకున్నాం. ఆయన హాల్లోకి వెళ్లారు, అందరూ లేచారు. "ఇదిగో చూడండి. ఇకనుంచి నేనొస్తే ఎవరూ లేవకండి. మేడమ్ గారు చెప్పారు" అన్నారు. "ఆయ్, అలాగేనండి" అన్నారు అందరూ, నిలబడే. ఆయన వీధిలోకి వెళ్లి, పరీక్షించడానికి వెనక్కి వచ్చారు. అందరూ సగం లేచారు. మాట గుర్తొచ్చి అక్కడే ఆగిపోయారు. కూర్చోడానికి మర్యాద ఒప్పుకోదు, లేవడానికి ఆజ్ఞ ఒప్పుకోదు. మోకాళ్లు వంచి, గాల్లో కూర్చున్నట్టు, బల్ల పట్టుకుని అలాగే ఉండిపోయారు. తొడలు గట్టిపడటానికి మేం ఆ వ్యాయామం నేర్పుతాం, కానీ ఆరోగ్యవంతులకి కూడా కాసేపటికి మించి చేయించం. భద్రయ్య గారి మోకాళ్లు వణకడం చూసి నేనే అందరినీ లేవమన్నాను.

మంగతాయారు బల్లని వెనక్కి తిప్పుదామన్నాను. గుమ్మం కనిపించకపోతే లేవదు కదా. ఆ మాటకి హాల్లో అందరూ ఒక్కసారిగా అడ్డంగా తలలూపారు. గుమ్మంలోంచి లక్ష్మి వస్తుందట, బిల్లులు రాసే మనిషి ఆవిడకి వీపు చూపించకూడదట. ఇందులో మాత్రం మంగతాయారు కూడా షావుకారు గారి పక్షమే. వీపు బాగుచేయడానికి వచ్చినదాన్ని వీపు వల్లే ఓడిపోయి, గద్దె చివర కూలబడ్డాను.

అప్పుడు షావుకారు గారు నాకు మర్యాద చేయడానికి గద్దె మీద పడి ఉన్న విసనకర్ర అందుకోబోయారు. ఒక చెయ్యి తొడ మీద ఆనించుకుని, ఇంకో చెయ్యి గోడకి పెట్టి, పళ్లు బిగపట్టి వంగారు. ముప్పై ఏళ్లకి దగ్గరగా నేను చూసింది ఆ వంగడాన్నే. ఈ మనిషి మోకాళ్లు అరిగిపోయి ఉన్నాయి.

"షావుకారు గారూ, మీరు ఎప్పుడు కూర్చుంటారండీ?" అని అడిగాను.

"నాకెక్కడ తీరికండీ, గోడౌనూ వీధీ చూసుకోవద్దూ" అన్నారు. రికార్డులో కూడా ఆయన ఎక్కడా కూర్చోలేదన్నాను. ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పారు.

ఆ గద్దె వాళ్ల నాన్నగారిది. ఆయన పోయాక ఆ స్థానం ఈయనకి వచ్చింది. బాసింపట్టు వేస్తే మోకాళ్లు మడత పడవు, పడితే లేవలేరు. ఒకసారి లేవలేక, మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లేదాకా లెక్కలు చూస్తున్నట్టు కూర్చుని, తర్వాత గద్దె మీదినుంచి పాకుతూ దిగారట. అప్పటినుంచి ఎక్కడం మానేశారు. పోనీ గద్దె ముందు ఒక కుర్చీ వేసుకోవచ్చు కదా అన్నాను. ఆయన వెనక గోడ మీది ఫొటో చూపించారు. నాన్నగారు గద్దె మీద కూర్చున్నప్పుడు ఆయన తల ఎక్కడుండేదో, ఫొటో సరిగ్గా అక్కడే తగిలించారట. కొడుకు కుర్చీలో కూర్చుంటే కొడుకు తల తండ్రి తల కంటే పైకి వస్తుంది. "అది నావల్ల కాదండి" అన్నారు.

కింద కూర్చోలేరు, పైన కూర్చోకూడదు. అందుకని పొద్దున్నుంచి సాయంత్రం దాకా తనిఖీ పేరుతో తిరుగుతున్నారు. ఆయన తిరుగుతున్నంతసేపూ ఆఫీసు లేస్తూ కూర్చుంటోంది. ఆఫీసు లేస్తూ కూర్చుంటున్నంత కాలం మంగతాయారు కుర్చీ అంచు వదలదు. రిఫరల్ చీటీలో పేరు మంగతాయారుదే గాని, సరిచేయవలసిన సీటు షావుకారు గారిది. ఆయన సీటు సరిచేయాలంటే ముందు వాళ్ల నాన్నగారిది సరిచేయాలి.

మీ నాన్నగారిని పైకి జరుపుదామన్నాను. ఆయన ముఖం మాడిపోయింది. ఫొటో కదపడమంటే మాటలా అన్నారు. దించమంటే తప్పు గాని, పెద్దవాళ్లని ఇంకా పైన కూర్చోబెట్టడం తప్పెలా అవుతుందండీ అన్నాను. ఇంట్లో అడగాలన్నారు ఆయన. ఇంట్లో అడిగారు. పంతులుగారిని అడిగారు. ద్వారకా తిరుమల వెళ్లి కొండెక్కి దణ్ణం పెట్టుకుని వచ్చారు. మోకాళ్ల నొప్పితో ఆ మెట్లన్నీ ఎందుకు ఎక్కారని నేను కోప్పడితే, ఫొటో విషయం కారులో వెళ్లి అడిగేది కాదు కదండీ అన్నారు. ఈ లోపల మా డాక్టరు గారి గడువు దగ్గర పడుతోంది. మంగతాయారు రోజూ ఫోను చేసి, "నాన్నగారు లేచారాండీ?" అని అడిగేది. లేదమ్మా, ఇంకా ముహూర్తం కుదరలేదు అని నేను చెప్పేదాన్ని. మావారు ఆ సంభాషణ వింటూ ఉప్మా తినలేకపోయేవారు.

చివరికి ఒక గురువారం పొద్దున ముహూర్తం కుదిరింది. నేను టేపుతో సిద్ధంగా వెళ్లాను. గద్దె పక్కనే షావుకారు గారికి కుర్చీ, బల్ల. మోకాళ్ల బాధ ఉన్నవాళ్లకి సీటు మామూలు కన్నా కాస్త ఎత్తుగా ఉండాలి, లేచేటప్పుడు చేతులకి ఆసరా ఉండాలి. ఆయన్ని కూర్చోబెట్టి నేల నుంచి నడినెత్తి దాకా కొలిచాను. తర్వాత నాన్నగారిని కొలిచాను. చనిపోయిన మనిషికి సీటు ఎత్తు నిర్ణయించడం సర్వీసులో నాకు అదే మొదటిసారి. కొడుకు నడినెత్తి కంటే తండ్రి గడ్డం జానెడు పైన ఉండాలని కుటుంబం కోరింది, అలాగే గుర్తు పెట్టాను.

వడ్రంగి మేకులు దిగ్గొట్టి ఫొటో తగిలించాక ఇంకో చిక్కు వచ్చింది. నాన్నగారి చూపు ఇప్పుడు అందరి తలల మీదుగా వీధి అవతల టీ కొట్టు మీదికి పోతోంది. బతికున్నన్నాళ్లూ ఆయన కళ్లు గుమ్మం మీదే ఉండేవట. ఇందులో నాకు అనుభవం ఉంది. కంప్యూటరు తెర పై అంచుని మేం కొంచెం వెనక్కి వాలుస్తాం, కిందికి చూసే కళ్లకి అది హాయి. నాన్నగారి పై అంచుని ముందుకి వాల్పించాను. చూపు సరిగ్గా గుమ్మం మీద పడింది. భద్రయ్య గారు అప్రయత్నంగా చొక్కా గుండీ పెట్టుకున్నారు.

షావుకారు గారు ఫొటోకి దణ్ణం పెట్టి కుర్చీలో కూర్చున్నారు. చాలా ఏళ్ల తర్వాత తన కొట్లో తను కూర్చున్నారు. మంగతాయారు, భద్రయ్య గారు, కుర్రవాళ్లు నిలబడే ఉన్నారు. ఆయన కూర్చుని ఉండగా ఏం చెయ్యాలో వాళ్లెప్పుడూ నేర్చుకోలేదు. ఆయనేమో వాళ్లు కూర్చుంటారని చూస్తున్నారు. వాళ్లు ఆయన కూర్చోమంటారని చూస్తున్నారు. ఇలా లాభం లేదని నేను నోరు తెరవబోయాను, నేను చెబితే మళ్లీ పుస్తకంలో బొమ్మల్లా కూర్చుంటారని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. నా ఉద్యోగంలో నేను చేసిన కష్టమైన పనుల్లో అదొకటి.

అప్పుడు మంగతాయారు బల్ల మీద ఫోను మోగింది. అత్తిలి నుంచి ఒక కొట్టాయన, బిల్లులో బస్తాల లెక్క తేడా వచ్చిందట, ఇప్పుడే సరిచేసి పంపమంటున్నాడు. నిలబడి కీబోర్డు కొట్టడం కుదరదు కదా, మంగతాయారు షావుకారు గారి వైపు ఒకసారి చూసి కూర్చుంది. మొదట అంచునే. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకోబోతే నేను ఉగ్గబట్టుకున్నాను. తనే దాన్ని స్పీకరులో పెట్టింది. బిల్లు వెతికింది. తేడా దొరకలేదు. ఇంకా వెతికింది. షావుకారు గారు కదల్లేదు. ఆయన కదలకపోతే లేవాల్సిన పని లేదన్న సంగతి తన మనసుకంటే ముందు తన నడుముకి తెలిసినట్టుంది. వెతుకుతూ వెతుకుతూ తనకి తెలియకుండానే వెనక్కి జరిగింది. వీపు కుర్చీకి ఆనింది. నేను పీట పెట్టిన తెర తన కంటి ఎత్తుకి వచ్చింది, దించిన అంగుళం తన పాదాలకి సరిపోయింది. నా కొలతలన్నీ ఆ క్షణాన నిజమయ్యాయి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయని చెప్పడానికి మొహమాటం లేదు.

తేడా దొరికింది, తప్పు అత్తిలి ఆయనదే. మంగతాయారు ఫోను పెట్టేసి తలెత్తి, తను వెనక్కి వాలి కూర్చుని ఉన్నానని గమనించి, లేవబోయింది.

"కూర్చో అమ్మా" అన్నారు షావుకారు గారు. తర్వాత ఫొటో వైపు తలెత్తి చూసి, నాతో మెల్లగా, "నాన్నగారికి అభ్యంతరం ఉండదంటారాండీ?" అని అడిగారు. గుమ్మం వైపు చూస్తున్నారు గాని ఇటు చూడ్డం లేదండి అన్నాను.

మంగతాయారు వేళ్ల తిమ్మిరి ఒక్కరోజులో పోలేదు. ముందు మెడ వదిలింది, తర్వాత భుజం, ఆఖరికి వేళ్లు. మా డాక్టరు గారు సీటు వదలమని రాయాల్సిన కాగితం మీద పనిలో కొనసాగవచ్చని రాశారు. ఆ కాగితం తను పెంటపాడులో అత్తగారికి చదివి వినిపించిందట. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని తిరిగి స్వయంగా చదువుకున్నారట. షావుకారు గారికి మోకాళ్ల వ్యాయామాలు నేర్పాను, చేస్తున్నానని చెబుతారు.

నేను రిటైరయ్యాక ఒకసారి తాడేపల్లిగూడెం పెళ్లికి వెళ్లి, పాత కేసు ఎలా ఉందో చూద్దామని ఆ వీధిలోకి వెళ్లాను. టీ కొట్టు దగ్గరనుంచి చూస్తే గుమ్మం లోపల షావుకారు గారు కూర్చుని ఉన్నారు. మంగతాయారు వీపు కుర్చీకి ఆని ఉంది. నేను రోడ్డు దాటి గుమ్మంలో కాలు పెడితే ఏమవుతుందో నాకు తెలుసు. మంగతాయారు లేస్తుంది. భద్రయ్య గారు లేస్తారు. షావుకారు గారు కూడా ఆ మోకాళ్లతో లేస్తారు. నేను వెనక్కి తిరిగి స్టేషను వైపు నడిచాను.

ఈ ఉదంతం వల్ల నేను నేర్చుకున్నది ఇంతే. కూర్చునే చోటు సరిచేయాలంటే టేపు తీసేముందు ఆ గదిలో ఎవరొస్తే ఎవరు లేస్తారో కనుక్కోవాలి. ఆ తర్వాత, పని అయిపోయాక, మనం మళ్లీ లోపలికి వెళ్లకూడదు.